పట్టా ఉన్నవారికే ఇల్లు – అద్దెకుండేవారి గతి ఏమిటి?

చీడికాడ: పేదలకు ఇళ్ల విషయమై మన గ్రామాల్లో నలభై ఐదేళ్లుగా వినిపిస్తున్న మాట ఒక్కటే: స్థలం పట్టా, దానిపై ఇల్లు మంజూరు. ఈ పద్ధతిలో లక్షలాది కుటుంబాలు పూరిపాకల నుండి శ్లాబు ఇళ్లలోకి మారిన మాట వాస్తవం. అయితే పట్టా లేనివారు, పట్టా వచ్చినా ఇల్లు పూర్తి కానివారు, ఉద్యోగం కొరకో చదువు కొరకో కొన్నేళ్లు మాత్రమే ఊళ్లో ఉండవలసినవారు ఎక్కడ తలదాచుకోవాలన్నది ఏ పథకంలోనూ లేదు. చీడికాడ వంటి మండల కేంద్రాల్లో ఈ లోటు కొట్టవచ్చినట్లు కనబడుతున్నది.

పథకాలు ఎన్నో, దారి ఒక్కటే

రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన ప్రారంభించింది. 2006లో రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్లు, 2016లో కేంద్రం తరఫున గ్రామీణ ఆవాస్ యోజన వచ్చాయి. 2020 డిసెంబరులో గ్రామాల్లో ఇంటికి సెంటున్నర చొప్పున స్థలాలు పంచారు. సెంటున్నర అంటే సుమారు 72 గజాలు. గ్రామీణ ఆవాస్ యోజన క్రింద మైదాన ప్రాంతంలో ఇంటికిచ్చే సొమ్ము 1 లక్షా 20 వేలు. సిమెంటు, ఇనుము, ఇటుక ధరలు, మేస్త్రి కూలి చూసిన వారెవరికైనా ఈ సొమ్ము చాలదని తెలుసు. పునాదుల వద్ద, లెంటల్ వద్ద ఆగిన ఇళ్లు అందుకు సాక్ష్యం. ఆగిపోయిన ఇళ్లు పూర్తి చేసుకునేందుకు 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించవలసి వచ్చింది.

ఇన్ని పథకాల్లోనూ లబ్ధిదారుడంటే సొంత ఇంటివాడు కాబోయేవాడే. ఉన్న పాక విప్పి కొత్త ఇల్లు మొదలుపెట్టిన కుటుంబం, అది పూర్తయ్యేవరకు ఏడాదో రెండేళ్లో అద్దెకుండవలసిందే. ఆ అద్దె ఏ లెక్కలోనూ రాదు. ఇంటికని ఇచ్చిన సొమ్ములోనే అది కరిగిపోతున్నది.

అద్దెకెవరుంటారు?

పల్లెటూళ్లో అద్దె ఇల్లేమిటని కొందరు నవ్వవచ్చు. 1985లో సమితులు పోయి మండలాలు వచ్చిన నాటి నుండి మండల కేంద్రాల్లో కార్యాలయాలు పెరిగాయి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైన తర్వాత ఒక్కొక్క సచివాలయానికి పదిమంది దాకా ఉద్యోగులు వచ్చారు. పంతుళ్లు, నర్సులు, బ్యాంకు వారు ఉండనే ఉన్నారు. కుటుంబంతో ఉండేందుకు తగిన ఇల్లు దొరకనివారు చోడవరంలోనో అనకాపల్లిలోనో కాపురం పెట్టి రోజూ బస్సులో వచ్చిపోతారు. దానివల్ల నష్టపోయేది ఊరివారే. సాయంత్రం ఆఖరి బస్సుకు నర్సు వెళ్లిపోతే రాత్రి పురిటి నొప్పులు వచ్చిన తల్లికి దిక్కెవరు?

ఉద్యోగులకు జీతమైనా ఉంది. అంతకంటె అధ్వాన్నంగా ఉన్నది కూలి కుటుంబాల పరిస్థితి. ఒకే పెంకుటింట్లో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు, భర్త పోయి పిల్లలతో పుట్టింటి వసారాలో ఉంటున్న ఆడవారు, కొడుకులు వలసపోగా మిగిలిన ముసలివారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కోనాం వైపు కొండ దిగువ ఊళ్ల గిరిజనులకు బడి, ఆసుపత్రి కొరకు క్రిందికి దిగినప్పుడు నాలుగు రోజులుండే నీడ కావాలి. వీరందరికీ అమ్ముకునే హక్కున్న పట్టా కంటె ముందు అవసరమైనది, నెలకు ఇంతని ఇచ్చి నిశ్చింతగా ఉండగల గది.

వడ్డీలోనే ఉన్నది కీలకం

సొంతదారులు అద్దె ఇళ్లు ఎందుకు కట్టరో లెక్క వేస్తే తెలుస్తుంది. స్థలం ఖర్చు లేకుండా చిన్న ఇంటికి 3 లక్షలు అవుతుందనుకుందాం. రూపాయి వడ్డీకి తెచ్చి పాతికేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 3,160 రూపాయలు కట్టాలి. కూలివాడు అంత అద్దె ఇవ్వలేడు. తక్కువ అద్దెకు ఇస్తే కట్టినవాడికి వడ్డీ కూడా రాదు. అదే సొమ్ము పావలా వడ్డీకి దొరికితే నెలకు సుమారు 1,420 చాలు. సగం సొమ్ము గ్రాంటుగా వచ్చి మిగతా సగమే పావలా వడ్డీ అప్పయితే 710 రూపాయలతో సరిపోతుంది. మరమ్మతులకు నెలకు 200 కలిపినా వెయ్యి దాటదు. ఇల్లు అదే, మేస్త్రి అతడే, ఇటుక అదే. మారినదల్లా వడ్డీ, లాభం మాత్రమే. కనుక లాభం ఆశించని సంస్థ చేతిలోనే ఈ పని సాధ్యమవుతుంది.

ఇటువంటివి మనకు కొత్త కావు

1969 తుఫాను తర్వాత గుంటూరు కేంద్రంగా ఫాదర్ విండీ ప్రారంభించిన గ్రామ పునర్నిర్మాణ సంస్థ తీరప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు కట్టించింది. అదే ఏడాది అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పేదలకు వేలాది ఇళ్లు కట్టించి ఆడవారి పేర వ్రాయించింది. ఇవి సొంత ఇళ్లు. సొంతం కాని నీడకు కూడా మన ఉత్తరాంధ్రలోనే ఉదాహరణ ఉంది. సాలూరులో 2018లో గిరిజన గర్భిణుల కొరకు వసతి గృహం తెరిచి, పురుటికి ముందే కొండ మీది నుండి తీసుకువచ్చి ఉంచారు. ఇల్లు ఎవరి సొంతమూ కాకపోయినా ప్రాణాలు నిలపగలదని దానివల్ల రుజువైంది.

అమెరికాలో 1962 నుండి పల్లెటూళ్లలో అద్దె ఇళ్లు కట్టే వారికి ప్రభుత్వమే దీర్ఘకాలపు అప్పులిచ్చింది. వడ్డీ నూటికి ఏడాదికి ఒక రూపాయి దాకా తగ్గించింది. పేద కుటుంబాలు, వృద్ధులు ఎందరో వాటిలో చేరారు. అయితే అప్పు తీరిన తర్వాత సొంతదారులు షరతుల నుండి బయటపడి అద్దెలు పెంచుకునే వీలు కలిగింది. అటువంటి ఇళ్లను పేదలకే నిలపడం కొరకు ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థలు వాటిని కొనవలసి వస్తున్నది. అప్పు తీరినా అద్దె షరతు తీరకూడదన్న సంగతి దస్తావేజులో మొదటే వ్రాసుకోవాలన్నది మనం గ్రహించవలసిన పాఠం.

ఇక్కడ ఎవరు పూనుకోవాలి?

కొత్త సంస్థ కొరకు వెతకనక్కరలేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం క్రింద మండల మహిళా సమాఖ్యలు రిజిస్టరై ఉన్నాయి. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే నడుపుకునే వీలు ఆ చట్టంలో ఉంది. అప్పు ఇవ్వడం, నెలనెలా వసూలు చేయడం, పుస్తకం వ్రాయడం మన ఆడవారికి వెన్నతో పెట్టిన విద్య. పంచాయతీలు సైతం బజారులో దుకాణం గదులు కట్టి అద్దెలు వసూలు చేసుకుంటున్నాయి. దుకాణం గదికి వేలం పెట్టవచ్చు గాని, ఇంటికి వేలం పనికిరాదు. వేలంలో గది ఎప్పుడూ డబ్బున్నవాడికే పోతుంది.

ఊరికి ఆనుకుని ఉన్న ఖాళీ గ్రామకంఠం స్థలాన్ని పంచాయతీ దీర్ఘకాలపు లీజుకు ఇవ్వాలి. ప్రభుత్వం సగం గ్రాంటు, పావలా వడ్డీ అప్పు సమకూర్చాలి. ముందు పది గదులతో ప్రారంభిస్తే చాలు. ఉద్యోగుల నుండి కొంచెం ఎక్కువ, ఒంటరి ఆడవారి నుండి, వృద్ధుల నుండి తక్కువ అద్దె తీసుకుంటే లెక్క సరిపోతుంది. ఊరికి దూరంగా నీరు, దారి లేని చోట కట్టి లాభం లేదు. కూలివాడికి పని దొరికేది ఊళ్లోనే.

ప్రమాదాలు లేకపోలేదు. అద్దె బకాయిలు పేరుకుపోవచ్చు. పలుకుబడి కలవారు తమవారిని గదుల్లో దింపవచ్చు. మన ప్రాంతంలో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ రైతులు వాటాలు వేసుకుని నిలబెట్టుకున్న సహకార సంస్థ. అటువంటి ఫ్యాక్టరీలోనే చెరకు సొమ్ము బకాయిల కొరకు రైతులు ఆందోళనకు దిగవలసి రావడం అందరూ ఎరిగినదే. సంఘం పెట్టడంతో పని అయిపోదని అది చెబుతున్నది. గదులు ఎవరికిచ్చిందీ, ఎంత వసూలైందీ గ్రామసభలో చదివి వినిపించాలి. మరమ్మతుల సొమ్ము విడిగా బ్యాంకులో ఉండాలి. గది కేటాయింపు వరుస క్రమం సచివాలయం గోడపై అంటించాలి.

2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడి పాలన దగ్గరైంది. పట్టణాల్లో వలస కూలీల అద్దె ఇళ్ల కొరకు కేంద్రం 2020లోనే ఒక పథకం తెచ్చింది. పల్లెలకు అటువంటిది లేదు. మండల సమాఖ్య, పంచాయతీలు తీర్మానం చేసి పంపితే జిల్లా అధికారులు ఒక్క మండలంలోనైనా ప్రయత్నించి చూడవచ్చు. పట్టా కొరకు ఎదురుచూసే కుటుంబానికి ఆ ఎదురుచూపు కాలమంతా తలపై కప్పు ఉండేలా చూడవలసిన బాధ్యత పాలకులపైనా, ఊరి పెద్దలపైనా ఉంది.