కాళిజాయి ముడుపు

కిటికీ పక్క సీటు దొరికితే, బరంపురం మీదుగా హౌరా వెళ్ళే రైల్లో మీలో చాలామంది చిలికాను చూసే ఉంటారు. కుడి చేతి వైపు ఉన్నట్టుండి నీళ్ళు, నీళ్ళ మధ్య కొండలు. "ఎప్పుడైనా ఇక్కడ దిగాలర్రా" అనుకుంటాం. అంతలో టీ కుర్రాడు వస్తాడు, ఆ మాట అక్కడితో సరి. బరంపురంలోనే పుట్టి పెరిగిన నేనూ ఇన్నేళ్ళూ చేసిందదే.

పోయిన మే నెలలో మా షోలాపూర్ పిన్ని వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. పుట్టింది ఛత్రపురంలో. మా తాతయ్య అక్కడ కలెక్టరు కచేరీలో గుమాస్తా. (1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం జిల్లా అంతా మద్రాసు రాష్ట్రంలోదే. మన వాళ్ళు ఇంతమంది ఇక్కడెందుకున్నారని అడిగే కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను.) పిన్నికి పన్నెండో ఏట ఇంటిల్లపాదీ మకర సంక్రాంతికి కాళిజాయి జాతరకు వెళితే, గవదబిళ్ళలని తనని మాత్రం ఇంట్లో వదిలేశారట. "వచ్చే ఏడు తీసుకెళతాంలే" అన్న ఆ మాట అరవై ఆరేళ్ళుగా అలాగే ఉంది. షోలాపూర్‌లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బరంపురంలో దిగిపోవడమే. చిలికా ఎప్పుడూ ఇంకో గంట అవతలే.

"ఈసారి నేను తీసుకెళతాను పిన్నీ" అన్నాను గొప్పగా. మా సంఘంలో నలుగురితో అంటే పంతొమ్మిది మంది తేలారు. రంభలో పడవెక్కి, ఒక్కో దీవీ దిగుతూ, చివరికి కాళిజాయి దర్శనం చేసుకుని బర్కుల్‌లో ఒడ్డుకు చేరడం, బస్సు అక్కడికి వచ్చి ఉండడం. ఇదీ ఏర్పాటు. పడవ మనిషి, పెద్దాయన, ముందే ఫోనులో రెండు మాటలు చెప్పాడు. రెండు పడవలు కావాలని, తెల్లారి ఐదున్నరకల్లా రేవులో ఉండాలని. మొదటిదానికి నేను బేరమాడాను. ఆయన వినలేదు. రెండోదానికి మాత్రం "అలాగే మౌసా" అన్నాను. పంతొమ్మిది మంది తెలుగువాళ్ళు ఇడ్లీలు, చట్నీ, ఫ్లాస్కులతో సహా ఐదున్నరకు ఎక్కడైనా చేరినట్టు మీకు తెలుసా? మేం పడవెక్కేసరికి ఎనిమిదిన్నర.

అయినా ఎంత బాగుందో! డీజిల్ ఇంజను టకటకలు చెవికి అలవాటయ్యాక నీళ్ళ చప్పుడు వినిపించింది. రంభ వైపు నీళ్ళు తేటగా ఉంటాయి, కింద నాచు కదలడం కనిపిస్తుంది. ముందు బండరాయి మీద కట్టిన ఒక స్తంభం పక్కనుంచి పోయాం. కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ దొర, పైన దీపం పెట్టడానికి కట్టించాడంటారు. తరువాత బ్రేక్‌ఫాస్ట్ దీవి. కళ్ళికోట రాజావారి పాడుబడ్డ బంగళా గోడల నీడన కూచుని మా రెండో ఫలహారం కానిచ్చాం. అక్కడ మరో గంట పోయింది.

తరువాత బర్కుడా. ఇప్పుడు హనీమూన్ దీవి అంటున్నారు. పిన్ని ఆ పేరు విని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. 1917లో అన్నండేల్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి చెప్పిన కాళ్ళులేని బల్లి ఒకటుంది. దానికి ఈ దీవి పేరే పెట్టారు, బర్కుడియా అని. ఈ సంగతి నేను పిల్లలకు చెప్పడం పొరపాటైంది. ఆకులన్నీ తిరగేశారు. "కాళ్ళులేని బల్లి ఏమిటే, పామంటే సరిపోయేదిగా!" అని పిన్ని వాళ్ళను వెనక్కి లాగింది. బల్లి కనిపించలేదు. పన్నెండయింది.

వేసవిలో చిలికాకు వెళ్ళేవాళ్ళకు రెండు మూడు సంగతులు చెప్పాలి. వలస పక్షులు చలికాలపు అతిథులు, మేలో వాటిని వెతక్కండి. డాల్ఫిన్లు కావాలంటే సాతపడా వైపు పోవాలి. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు ఎండాకాలానికి 900 దాకా తగ్గుతుంది. నదుల నీరు తగ్గి సముద్రపు నీరు లోపలికి వస్తుంది గనక ఉప్పగా ఉంటుంది, తాగే నీళ్ళు మోసుకుపోవలసిందే. ఒకప్పుడు ఆ సముద్రపు దారే ఇసుక మేటలతో పూడిపోతూ వచ్చి చేపలు తగ్గి జాలరులు నానా అవస్థా పడ్డారు. 2000లో కొత్త ముఖం తవ్వాక సరస్సు తేరుకుంది. ఇక గాలి. పొద్దెక్కినకొద్దీ దక్షిణపు గాలి పెరుగుతుంది. లోతు తక్కువ నీళ్ళు కాబట్టి అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా లేచి పడవను కుదిపేస్తాయి. మధ్యాహ్నం దాటితే కాలబైశాఖి భయం.

ఇదంతా ఇప్పుడు ఇంత చక్కగా రాస్తున్నాను గానీ, ఆ రోజు బర్కుడా ఒడ్డున పెద్దాయన "కాళిజాయి వద్దు మా, వెనక్కి పోదాం" అంటే నేను చేసింది పోట్లాట. మాట మాటే కదా అన్నాను. బస్సు బర్కుల్‌లో ఉందన్నాను. ఆకాశంలో మబ్బేది చూపించమన్నాను. ఆయన వాయవ్యం వైపు చూపించాడు. అక్కడ బూడిద రంగు గీత ఒకటి ఉంది, అంతే. "ముసలావిడ అరవై ఏళ్ళ కోరిక" అని చివరి అస్త్రం వేశాను.

ఆయన పిన్ని వైపు చూశాడు. పిన్ని నా వైపు చూసింది. "పద, తిరుగుదాం" అంది. అరవై ఆరేళ్ళనాటి ఒడియా ఎక్కణ్ణుంచి తవ్వుకుందో, ఆయనతోనూ ఏదో అంది. ఆయన నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో అలలు చీరలు తడిపేశాయి. పిల్లలు కేరింతలు మాని లైఫ్‌జాకెట్లు తామే బిగించుకున్నారు. అప్పుడు పిన్ని కాళిజాయి కథ చెప్పింది. జాయి అనే పిల్లను పెళ్ళికి పడవలో తీసుకెళుతుంటే తుఫాను వచ్చింది. పడవ బోల్తా పడింది. అందరూ దొరికారు, పెళ్ళికూతురు దొరకలేదు. ఆ పిల్లే ఆ దీవిలో దేవత అయిందని నమ్మకం. ఒడియా పిల్లలకు ఇది గోదావరీశ మిశ్ర గారి గేయంగా తెలుసు, పిన్నికి వాళ్ళ వంటమనిషి చెప్పిందట.

"ఆ రోజూ పడవవాడు వద్దనే ఉంటాడే. ఎవరో ఒకరు, ముహూర్తం మించిపోతోంది, పోనియ్ అని ఉంటారు" అంది.

నేను నీళ్ళకేసి చూస్తూ కూచున్నాను.

రంభ రేవులో దిగేసరికి ఒంటిగంటన్నర. బస్సును వెనక్కి పిలిపించి, ఒక పాకలో భోజనాలకు కూచున్నాం. మూడు కాకముందే చీకటి కమ్మింది. పాక మీది రేకు ఒకటి లేచి రోడ్డవతల పడింది. సరస్సూ ఆకాశమూ ఒకటే రంగు. లెక్క వేసుకున్నాను. నా మాటే నెగ్గి ఉంటే ఆ సమయానికి కాళిజాయికీ బర్కుల్‌కీ మధ్య ఎక్కడో ఉండేవాళ్ళం. ఐదున్నరకే బయలుదేరి ఉంటే దర్శనం చేసుకుని బర్కుల్‌లో భోంచేస్తూ ఉండేవాళ్ళం. ఈ రెండో లెక్కే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వాన వెలిశాక పెద్దాయన తడుస్తూనే వచ్చి, వెళ్ళని దూరానికంటూ 600 రూపాయలు తిరిగి ఇవ్వబోయాడు. సిగ్గుతో నా చెయ్యి ముందుకు రాలేదు. పిన్ని అందుకుంది. ఇంటికొచ్చి పసుపు గుడ్డలో మూటకట్టి నా దేవుడి గూట్లో పెట్టింది.

"ఇది నాది కాదు, జాయిది. ముట్టుకోకు" అంది.

ఇంకా అక్కడే ఉంది. సంక్రాంతికి టిక్కెట్లు తీసుకున్నామని మొన్న షోలాపూర్ నుంచి ఫోను. ఇడ్లీలు ముందురోజు రాత్రే వండేయమంది.