పొగ విడుచుట, విడిచి నిలుచుట

రంపచోడవరపు కొండలలో తిరుగుబాటు కథ కల్లుతో ముడివడియున్నది. కల్లుగీతపై చిగురుపన్ను మోపబడగా 1879లో మన్యప్రజలు తిరుగబడిరి. తరువాతి కాలమున అదే మన్యమునకు వచ్చిన అల్లూరి సీతారామరాజు, త్రాగుడు మానుడనియు, తగవులను పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు బోధించెను. 1922 ఆగస్టున పోలీసు ఠాణాలపై బడుటకు ముందే ఆయన ఆరంభించిన పోరాటమిది. పరులు మోపిన పన్నును ధిక్కరించుట యొక స్వాతంత్ర్యము. మనకు మనమే వేసికొన్న పన్నును రద్దు చేసికొనుట వేఱొక స్వాతంత్ర్యము. నేడు మేము వ్రాయబూనినది ఈ రెండవదానిని గుఱించియే.

అట్టి పన్నులలో పొగాకు మిక్కిలి బరువైనది. శ్రీకాకుళ ప్రాంతమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్టకాల్చు అడ్డపొగ యలవాటు కలదు. పదివేలమందికి పైగా గ్రామస్థులను పరీక్షించిన పండితులు, ఆ యలవాటు అంగిటికి దెచ్చు హానిని 1971లో లోకమునకు తెలిపిరి. ఆ మాట వినిన పట్టణవాసులు, పాపము, ఆ పల్లెపడుచుల కెంత యజ్ఞానమని జాలిపడుదురు. జాలిపడుచునే జేబులోని సిగరెట్టు పెట్టెను తడవికొందురు! నిప్పు లోపలనున్ననేమి, వెలుపలనున్ననేమి? బ్రిటనులోని వైద్యులను ఏబదియేండ్లు పరిశీలించి రిచర్డు డాల్ మున్నగువారు 2004లో ప్రకటించిన ఫలితములను బట్టి, సిగరెట్టు కాల్చువారు కాల్చనివారికంటె సగటున పదియేండ్లు ముందుగా మరణించుచున్నారు. ముప్పదవయేట విడిచిన వానికి ఆ పదియేండ్లును దాదాపుగా దక్కును; ఏబదవయేట విడిచిన నాఱును, అఱువదవయేట విడిచిన మూడును దక్కును. కావున ఆలస్యమైనదను సాకు చెల్లదు.

విడుచుట యెఱుగనివా రెవరు? పండుగనాడు విడిచి పదియవనాడు పట్టినవారు మా పాఠకులలోను గలరు. వారిని మేము నిందింపము. పొగలోని నికొటిను కొన్ని క్షణములలోనే మెదడును జేరి దానిని లొంగదీసికొనును. మానిన తొలి మూడు దినములు మిక్కిలి కఠినములు. చిఱాకు, నిద్రలేమి కొన్ని వారములుండును. కాని పొగకై కలుగు ఆ తహతహ ఒక్కొక్కసారి కొలది నిమిషములకు మించి నిలువదు. ఆ నిమిషములను మంచినీరు త్రాగియో, నాలుగడుగులు నడచియో దాటింపవలయును. వైద్యుని యడిగినచో నికొటిను బిళ్లలు మున్నగు సాయమును లభించును. 2016లో భారత ప్రభుత్వము నెలకొల్పిన 1800-11-2356 అను ఉచిత టెలిఫోనున సలహాయు దొరకును.

అయితే అసలు శత్రువు మొదటి వారమున రాడు. నెలలు గడచి, గెలిచితినని గుండె నిబ్బరించినవేళ పెండ్లిపందిటిలోనో, కాఫీహోటలు ముంగిటనో, చావుయింటి అరుగు మీదనో "ఒక్కటే గదా" యని వచ్చును. ఒక్కటి కానిచో పెట్టె లేదు. జారినవాడును సిగ్గుపడి యోటమి నొప్పుకొననక్కఱలేదు. ఆనాడే మఱల లేచి నిలువవలెను.

ఇందు సంఘమునకును బాధ్యత గలదు. మన్యమున త్రాగుడు మానుట ఒంటరివాని వ్రతముగా బోధింపబడలేదు. ఊరికూరే కలిసి చేయవలసిన పనిగా బోధింపబడినది. బహిరంగ ప్రదేశములలో పొగత్రాగరాదను నియమము 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, అమలులోనికి వచ్చెను. దానిని బంట్రోతు వచ్చి చెప్పువఱకు ఆగనేల? మన పఠనమందిరముల అరుగులనుండియే మొదలిడుదము. విడిచినవానిని ఎగతాళి చేయకుందము. వాని చేతికి సిగరెట్టు నందించుట మర్యాద యనుకొనకుందము. "నేటికి ఎన్నవనా"డని యడిగి భుజము తట్టుటయే మర్యాద.

ఠాణాను ముట్టడించుట ఒక పూట పని. తన్ను దాను కావలికాచుకొనుట ప్రతిదినపు పని. అది చేయగలవాడే స్వతంత్రుడు.