ఊరుంది, పల్లె చీరాలకొచ్చింది

సాయుధ పోరాటం రోజుల్లో ఊచకోతకు గురైన ఊరేదని పిల్లలు అడిగితే క్లాసులో బైరాన్‌పల్లి గురించి చెప్తాను. 1948 ఆగస్టు 27. నిజాం సైన్యం తోడుగా వచ్చిన రజాకార్లు 90 మందికి పైగా చంపారు. బురుజు ఇంకా ఉంది. అక్కడ దండలు పడతాయి. పడాలి కూడా.

మరి యుద్ధమని ఎవరూ ప్రకటించని చోట? మా నెల్లూరు నుంచి ఉత్తరానికి రైలెక్కితే చీరాల, దాని పక్కనే కారంచేడు. తాగే చెరువులో కుడితి నీళ్ళు కలపొద్దన్నందుకు, సువార్తమ్మ బిందె ఎత్తినందుకు, 1985 జూలై 17న గొడ్డళ్ళతో, బరిసెలతో మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వెనక్కి పోమన్నారు. విజయనగర్ కాలనీ అలా పుట్టింది, దళిత మహాసభ కూడా ఆ శిబిరంలోంచే. సుప్రీంకోర్టు తీర్పుకు మాత్రం 2008 దాకా ఆగాల్సొచ్చింది.

మనమూ దాన్ని ‘కారంచేడు ఘటన’ అనేస్తాం. ఘటనేంటి? ఊరు చెక్కుచెదరలేదు, ఖాళీ అయింది పల్లె. అందుకే పటంలో ఏమీ పోయినట్టు కనపడదు. స్మారకం కూడా నెత్తురు పడిన చోట కాదు, చీరాలలో ఉంది. 1991లో చుండూరువాళ్ళు తమ మృతులను ఊరి నడుమే పాతిపెట్టారు. నా దృష్టిలో అది గొప్ప రాజకీయం.

జూలై 17న కాలనీకి వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దండ వేశాక కారంచేడుకూ వెళ్ళండి. ఆ చెరువేదో, పల్లె ఎక్కడుండేదో ఊళ్ళోవాళ్ళనే అడగండి.