పల్నాడు ఎస్పీ కుర్చీకి గడువు లేదా?

జిల్లాకు కొత్త ఎస్పీ వస్తే మన పత్రికలు రాసేది ఒకటే వరస: ఏ బ్యాచ్, సొంతూరు ఏది, ఇంతకు ముందు ఎక్కడ చేశారు, ఏ నాయకుడికి దగ్గర. 2024 ఎన్నికల వేళ పల్నాడు గురించి రాసిందీ ఇదే. నాలుగు నెలల్లో ఆ కుర్చీలో నలుగురు ఎందుకు కూర్చోవలసి వచ్చిందో చట్టం తెలిసి రాసినవారు అరుదు.

ఏప్రిల్ తొలి వారంలో ఎన్నికల సంఘం అప్పటి ఎస్పీ రవిశంకర్ రెడ్డిని తప్పించింది. తరువాత వచ్చిన బిందుమాధవ్‌ను మే 13 పోలింగ్ తరువాతి అల్లర్లపై సస్పెండ్ చేయించింది. అంతకు ముందు ప్రకాశం ఎస్పీగా చేసిన మల్లికా గార్గ్ ఆ స్థానంలోకి వచ్చారు. జూలైలో కొత్త ప్రభుత్వం ఆమెను బదిలీ చేసి కంచి శ్రీనివాసరావును వేసింది.

ఈ మూడు మార్పులనూ ఒకే గాటన కట్టడమే అసలు పొరపాటు. మొదటి రెండూ ఎన్నికల సంఘం నిర్ణయాలు. మే సస్పెన్షన్ వెనుక ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఎ సెక్షన్ ఉంది. ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసు అధికారి నోటిఫికేషన్ నుంచి ఫలితాల ప్రకటన దాకా ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్‌పై ఉన్నట్టే లెక్క. నిర్ణయం మంచిదా చెడ్డదా అని వాదించుకోవచ్చు. అధికారం మాత్రం ఉంది. జూన్ 4న ఫలితాలతో ఆ గొడుగు మూసుకుపోయింది.

మరి జూలై బదిలీకి ఆధారమేమిటి? ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు జిల్లా ఎస్పీకి, స్టేషన్ ఇన్‌ఛార్జికి కనీసం రెండేళ్ల గడువు ఉండాలంది. ముందే కదపాలంటే క్రమశిక్షణ చర్య, నేరంలోనో అవినీతి కేసులోనో శిక్ష, విధులు చేయలేని అశక్తత ఉండాలి. ప్రమోషన్, రిటైర్మెంట్ ఎలాగూ మినహాయింపులే. ప్రభుత్వం మారడం ఈ జాబితాలో ఎక్కడా లేదు. తీర్పులో ఒక సందు ఉందన్నది నిజమే: డీఎస్పీ స్థాయి దాకా బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చేతిలో పెట్టి, ఆపై వారి విషయంలో సిఫారసుకే పరిమితం చేసింది. అయినా ఆ సిఫారసుకు ప్రభుత్వం విలువివ్వాలని, మామూలుగా ఆమోదించాలని కూడా చెప్పింది. రెండేళ్ల నియమాన్ని ఆ సందులోంచి జారవిడవడానికి వీల్లేదని నా వాదన.

పాత చట్టంలో ఈ రక్షణ లేదు. ఆంధ్ర ప్రాంతంలో పోలీసు వ్యవస్థకు పునాది అందరూ ఉదహరించే 1861 చట్టం కాదు, దానికి రెండేళ్ల ముందు వచ్చిన మద్రాసు జిల్లా పోలీసు చట్టం. కంపెనీ పాలన పోయిన మరుసటి ఏడాది చేసిన ఆ చట్టానికి అధికారి పైవారికి జవాబుదారీగా ఉంటే చాలు. ఎన్నాళ్లుండాలన్న పట్టింపు లేదు. అమెరికాలో చాలా కౌంటీల షెరీఫ్‌ను జనమే ఎన్నుకుంటారు, సాధారణంగా నాలుగేళ్లకు. మన ఎస్పీకి ఓటు బలం అక్కర్లేదు. గడువు బలం మాత్రం ఉండి తీరాలి.

ఎందుకంటారా? మాచర్ల, గురజాల వైపు ఏ ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో, ఎవరిని బైండోవర్ చేస్తే పోలింగ్ రోజు ప్రశాంతంగా గడుస్తుందో తెలియడానికే ఎస్పీకి ఒక పంట కాలం పడుతుంది. మిర్చి కొన్న వ్యాపారి రైతుల డబ్బు ఎగ్గొట్టి ఐపీ పెడితే, కాటా చీటీలు, బ్యాంకు ఖాతాలు, బినామీ ఆస్తులు పట్టుకుని కేసు నిలబెట్టడం రెండు నెలల పని కాదు. చీటీలు పట్టుకుని తిరిగే రైతు ప్రతి కొత్త సారుకూ మొదటి నుంచి చెప్పుకోవాలి. కారంచేడు, చుండూరు దళిత హత్యాకాండలు చూసిన ఆంధ్ర నేలకు స్థిరంగా నిలబడే పోలీసు అధికారి ఎంత అవసరమో వేరే చెప్పాలా?

అందుకే, రెండేళ్లలోపు ఎస్పీని కదిపే ప్రతి ఉత్తర్వులోనూ ప్రకాశ్ సింగ్ తీర్పులోని ఏ కారణం వర్తించిందో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి, దాన్ని జనం ముందు పెట్టాలి. చెప్పలేకపోతే ఆ బదిలీ ఆపాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే.