బత్తెము అడిగిన సిపాయి

గత ఆదివారము సాయంకాలము మా బోథ్ గ్రంథాలయములో పదిమంది కూర్చుండి యుండగా, సముద్రము దాటి కొలువు చేసి వచ్చిన ఒక సైనికుడు తనకు రావలసిన ప్రోత్సాహక భత్యము రాలేదని పైయధికారులకు అర్జీ పెట్టుకొన్న సంగతి మాటల నడుమ వచ్చినది. వెంటనే ఒక పెద్దమనిషి కండ్లజోడు సవరించుకొని, "ప్రాణమిచ్చుటకు పోయినవాడు పైసలకు అర్జీ పెట్టుటేమి? సిపాయి కూడ వ్యాపారి యయ్యెనా?" అనిరి. విన్నవారిలో నలుగురు తలలూపిరి. ఆ తలయూపు మమ్ము బాధించినది. ఆ పెద్దమనిషి మాకు మాన్యులు. పత్తి అమ్మ బోయినప్పుడు తూకములో ఒక కిలో తరుగు తీసినను ఊరకుండువారు కారు. ఊరకుండవలెనని మేమును అనము. వారి పత్తికి ఉన్న న్యాయము సిపాయి బత్తెమునకు ఏల లేకపోయెనో అడుగుటకే ఈ నాలుగు మాటలు.

బత్తెమనునది బహుమానము కాదు, దయాధర్మము అంతకన్న కాదు. జీతము చేసిన పనికి వచ్చునది. బత్తెము ఇల్లు విడిచి పోయినందుకు వచ్చునది. పరదేశములో ఉప్పు ప్రియము, పప్పు ప్రియము. ఇక్కడ ఆలుబిడ్డల పొయ్యి వేరుగా మండవలెను. ఒక సంసారము రెండైనప్పుడు కలుగు వ్యయమునకే బత్తెమని పేరు. ఇంగ్లీషువారు తమ సైనిక లెక్కలలో బాటా యని వ్రాసుకొన్న మాటయు దక్షిణదేశపుదే; వడ్లను కన్నడమువారు భత్త యందురు గనుక అందుండియే పుట్టినదని నిఘంటుకారులు కొందరు చెప్పిరి. మన నోటి మాటను వారు తీసికొనిరి గాని, దాని వెనుకనున్న అన్నపు సంగతి మరచిరి.

మా ప్రాంతమువారికి సైనికుల జీతపు కథ కొత్తది కాదు. ఇచ్చటి నుండి ఉత్తరముగా పోయి పెన్‌గంగ దాటినచో కాలు పెట్టునది బేరారు. ఆ నేల నిజాముగారి చేతినుండి ఎట్లు పోయినది? హైదరాబాదు కంటింజెంటు అను పేరుతో కుంపిణీవారు నడపిన సైన్యమునకు జీతముల బాకీ పడినదని చెప్పి, 1853 మే నెలలో ఒడంబడిక వ్రాయించుకొని, ఆ బాకీ క్రింద బేరారు రాబడినంతయు తమ చేతిలో పెట్టుకొనిరి. సిపాయి జీతము సక్రమముగా అందవలెనను ధర్మము ఆనాడు వారికి ఎంత బాగుగా కంఠస్థమై యున్నదో చూడుడు! ఒక సంస్థానాధీశుని వద్దనుండి రాబట్టుకొనవలసి వచ్చినప్పుడు ఆ ధర్మము ఒక పరగణాల సమూహమును మ్రింగునంత పెద్దది. తొమ్మిది సంవత్సరములకు ముందు, అదే ధర్మము తమ ఖజానానుండి తీసి ఈయవలసి వచ్చినప్పుడు ఎంత చిన్నదైనదో ఇక చెప్పెదము.

1843లో నేపియరు దొర సింధుదేశమును జయించెను. ఆ సంవత్సరమే అది బ్రిటిషు రాజ్యములో కలుపబడెను. అంతవరకు సింధులో కొలువు పరదేశపు కొలువు, అందుచేత అధిక భత్యము గల కొలువు. దేశము కలుపబడిన మరునాటినుండి అది స్వదేశమైనది. స్వదేశములో పరదేశపు బత్తెమేల యని ప్రభుత్వము దానిని కొట్టివేసెను. ఎడారి ఎడారిగనే యుండెను, జ్వరములు జ్వరములుగనే యుండెను, సిపాయి ఇంటికి దూరము ఒక్క క్రోసైనను తగ్గలేదు. తగ్గినది బత్తెమొక్కటే. గెలిచి పెట్టినందుకు సిపాయికి దక్కిన ఫలమిది! బెంగాలు పటాలములు కొన్ని మేము పోమనెను. 34వ పటాలమును 1844లో రద్దుచేసి, దాని పేరు సైన్యపు పట్టికనుండి తీసివేసిరి.

బెంగాలువారు మొరాయించిరి గనుక మదరాసు సైన్యమును పంపవచ్చునని ఏలినవారికి తోచెను. మదరాసు సైన్యమనగా తెలుగువారు, అరవవారు, ముసల్మానులు కలిసి యున్న సైన్యము. పదునెనిమిదవ శతాబ్దిలో బంగాళమువారు సిపాయి నెవనిని చూచినను తెలింగా యని పిలిచెడివారు. 1857లో ఢిల్లీ వీథులలో సైతము సిపాయిలకు తిలంగాలనియే పేరు. మన దేశపు పేరే సైనికునికి పర్యాయపదమైన కాలమది. (ఆ పేరు పెట్టినవారు తరువాత తెలుగువాడు యుద్ధజాతివాడు కాడని సిద్ధాంతము లల్లిరి. ఆ కథ మరియొకసారి.) ఈ మదరాసు సిపాయికి ఒక విశేషము కలదు: ఉత్తరాది సిపాయి ఆలుబిడ్డలను ఊరిలో విడిచి వచ్చును, మదరాసు సిపాయి తన సంసారమును పటాలముతోనే ఉంచుకొనును. కావున వానిని ఓడ ఎక్కించుట యనగా ఒక సంసారమును రెండుగా నరుకుట.

మదరాసు 47వ పటాలము బర్మాలోని మౌల్మీనునకు పోవుటకు సిద్ధమై యుండెను. సింధుకు పోవలెనని ఆజ్ఞ మారెను. అప్పటి మదరాసు గవర్నరు ట్వీడేలు ప్రభువు సిపాయిల ఇబ్బంది ఎరిగినవాడగుటచే, బర్మాకు పోయినచో ఎట్టి భత్యములు దొరకెడివో అట్టివే సింధులోను దొరకునని మాట ఇచ్చెను. ఆ మాట నమ్మి సిపాయిలు ఓడ ఎక్కిరి. ఇంటివారికి ఎంత పంపవచ్చునో, తమకు ఎంత మిగులునో అందరును ఆ మాట మీదనే లెక్కకట్టుకొని యుందురు. బొంబాయి చేరునప్పటికి కలకత్తానుండి వేరొక వార్త వచ్చెను: మదరాసు గవర్నరుకు అట్టి మాట ఇచ్చు అధికారము లేదు, బెంగాలు నిబంధనల ప్రకారము దొరకునదే దొరకును, అంతకు మించి లేదు.

చదువరులు ఇక్కడ ఒక నిమిషము ఆగి ఆలోచింపవలెను. నడిసముద్రము దాటించిన తరువాత ధర మార్చిన వర్తకుని మన బజారులో ఏమందురు? ఒక గుమాస్తా చేసిన ఒప్పందము యజమానికి నచ్చలేదనుకొందము. సరకు పుచ్చుకొనక మునుపైనచో త్రోసివేయవచ్చును. సరకు తన గిడ్డంగిలో పడిన పిమ్మట గుమాస్తాకు అధికారము లేదనుట ఏ న్యాయస్థానములోను చెల్లదు. బొంబాయి రేవులో నిలిచిన ఆ పటాలమే కుంపిణీవారి గిడ్డంగిలో పడిన సరకు. తిరిగిపోవుటకు ఓడ లేదు, ఉన్నను ఎక్కుటకు అనుమతి లేదు.

కవాతు మైదానములో సిపాయిలు ఎదురు తిరిగిరి. కొందరిని పట్టి సంకెళ్లు వేసిరి. ఆ పిమ్మట ప్రభుత్వము చేసిన పని ఏమనగా, జీతము మీద కొంత ముందుగా బయానా ఇచ్చెను. ఇచ్చినంతనే అలజడి అణగెను. తిరుగుబాటని పుస్తకములలో పేరు పడిన వ్యాధికి రూపాయలే మందైనవి! రాజ్యము కూలద్రోయ నెంచినవాడు బయానాకు లొంగునా? వారడిగినది రాజ్యము కాదు, మాట. తుదకు సింధు కాపుదల బొంబాయి సైన్యము మీద పడినది. ముందే ఆ ఏర్పాటు చేసి యుండినచో ఎవరి కాళ్లకును సంకెల పడకుండెడిది.

సైన్యములో క్రమశిక్షణ యుండవలెను గదా, ఆయుధము చేతనున్నవాడు గుంపుగా అడుగుట ప్రమాదము గదా యని కొందరు మమ్ము ప్రశ్నింతురు. ప్రమాదమే, మేము కాదనము. కాని ఆ క్రమశిక్షణ ఎవరెవరి యెడల ఎట్లు నడచినదో చరిత్ర చూపుచున్నది. 1766లో క్లైవు రెట్టింపు బత్తెమును తీసివేయగా బెంగాలులోని తెల్ల అధికారులు కుట్రగా కూడి, ఒక్కసారిగా రాజీనామాలు ఇచ్చి ప్రభుత్వమును లొంగదీయ జూచిరి. అందులో చేయి కలదని సర్ రాబర్టు ఫ్లెచరును సైనిక న్యాయస్థానము విచారించి కొలువునుండి తొలగించెను. తరువాత ఏమైనది? ఆయనకు కొలువు తిరిగి దొరకెను. మదరాసు సైన్యమునకే సేనాధిపతిగా వచ్చెను. 1776లో గవర్నరు పిగటును బంధించినవారి పక్షమున నిలిచెను! 1828లో బెంటింకు ప్రభువు అధికారుల బత్తెమును కొన్ని దండులలో సగము చేసినప్పుడు వారు లండనుదాక విన్నపములు పంపిరి, పత్రికలలో వ్రాసిరి. ఒక్కనికిని ఉరిత్రాడు చూపలేదు.

ఈ రెంటి నడుమ, 1824 నవంబరు 2వ తేదీన, బరాక్‌పూరులో జరిగినది చూడుడు. బర్మా యుద్ధమునకు పోవలసిన 47వ బెంగాలు పటాలము (పైన చెప్పిన మదరాసు పటాలము కాదు, సంఖ్య మాత్రమే ఒకటి) సామాను మోయు ఎడ్ల ఖర్చు తమమీద పడుచున్నది గనుక రెట్టింపు బత్తెము కావలెనని కోరినది. సేనాధిపతి పేజెటు ఫిరంగులు నిలిపి కాల్పించెను. పారిపోవుచు గంగలో పడి మునిగినవారును కలరు. దొరిన నాయకులను ఉరితీసిరి. తెల్లవాడు బత్తెమడిగినచో విన్నపము, నల్లవాడు అడిగినచో ద్రోహము! క్రమశిక్షణ యను మాట ఆనాడు మన సిపాయి కడుపు మీద మాత్రమే మోపిన కత్తి.

అదే బొంబాయి రేవులో 1946 ఫిబ్రవరి 18న తల్వార్ నావికులు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో ఆంగ్ల నావికులతో సమానమైన జీతభత్యములు ఒకటి. ఇండోనేషియానుండి మన సైన్యములను తిరిగి రప్పింపవలెనని అడిగినవారును వారే, ఆజాదు హింద్ ఖైదీలను విడువవలెనని అడిగినవారును వారే. బత్తెము అడిగిన నోటికి దేశము తెలియదనువారికి ఇంతకన్న జవాబు అక్కరలేదు.

ఇదంతయు పరాయి దొరతనపు మాట, మన రాజ్యము వచ్చినది గదా యని మా మిత్రులు అనవచ్చును. వచ్చినది, అందుచేతనే మేము మరింత గట్టిగా అడుగుచున్నాము. రాజ్యాంగపు 33వ అధికరణము సైనికుల ప్రాథమిక హక్కులను కుదించుటకు పార్లమెంటునకు అధికార మిచ్చినది. సైనికుడు సంఘము పెట్టరాదు, సమ్మె చేయరాదు, పత్రికకు వ్రాయరాదు. సరే. దేశరక్షణకు అది అవసరమని ఒప్పుకొందము. అట్లు నోరు కట్టినవారు చెవి తెరచి యుంచవలెను గదా! 1950 నాటి సైన్య చట్టము 26వ సెక్షను క్రింద సిపాయి తన కష్టమును దళాధిపతికి చెప్పుకొనవచ్చును. అచ్చట న్యాయము దొరకనిచో 2007 చట్టము క్రింద ఏర్పడిన సాయుధ దళముల న్యాయాధికరణము కలదు. ఆ పైన హైకోర్టు తలుపు సైనికునికి మూయబడలేదని సర్వోన్నత న్యాయస్థానము 2023 మార్చిలో తేల్చి చెప్పినది. ద్వారములు ఉన్నవి. ఒక్కొక్క ద్వారము కడను ప్రభుత్వపు వకీలు నిలువబడి యున్నాడు. అదియే మా ఫిర్యాదు.

1986 జనవరి 1నుండి సైనికాధికారులకు హోదా వేతనమను ఒక మొత్తము ప్రకటించి, మూల వేతనము కట్టునప్పుడు అంత మొత్తమును అందుండియే తగ్గించిరి. కుడిచేత పెట్టి ఎడమచేత తీయుట! ఒక మేజరు కేరళ హైకోర్టుకు పోయి 1998లో గెలిచెను. అదే న్యాయము తక్కినవారికి వర్తింపజేయుటకు మరల వ్యాజ్యములు. 2010లో సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షమున చెప్పగా, ఆ యుత్తరువు మార్చుమని ప్రభుత్వము మరల కోరినది. 2012 సెప్టెంబరు 4వరకు గాని చిక్కు విడలేదు. ఇరువదియారు సంవత్సరములు! ఇంగ్లీషు చదివిన అధికారుల గతియే ఇది యైనప్పుడు, పదవ తరగతి చదివి పటాలములో చేరిన మన గ్రామపు సిపాయి ఎంతవరకు నిలిచి పోరాడగలడు?

విదేశపు కొలువు నేటికిని ఉన్నది. 1950లో కొరియాకు వైద్యదళమును, 1960 పిమ్మట కాంగోకు సేనను పంపిన నాటినుండి ఐక్యరాజ్యసమితి శాంతిసేనలలో మనవారు పనిచేయుచునే యున్నారు. సమితి ఒక్కొక్క సైనికునికి నెలకు ఇంతయని ఆయా దేశముల ప్రభుత్వములకు చెల్లించును. 2018 జూలైలో ఆ మొత్తము 1,428 డాలర్లుగా నిర్ణయింపబడెను. ఆ సొమ్ము సైనికుని చేతికి నేరుగా రాదు. వాని కెంత ఈయవలెనో ప్రతి ప్రభుత్వము తన నిబంధనల ప్రకారము తేల్చును. తేల్చనీ. తేల్చిన దానిని ఓడగాని విమానముగాని ఎక్కుటకు ముందే వ్రాతపూర్వకముగా, సైనికునికి తెలిసిన భాషలో, వాని చేతికి ఈయవలెను. అట్లు ఇచ్చిన కాగితములోని అంకెను వాడు పోయిన తరువాత తగ్గింపరాదు. వ్రాసిన అధికారికి అధికారము లేదన్న సాకు చెల్లరాదు. తప్పు కచ్చేరిలో జరిగినచో నష్టము కచ్చేరి భరించవలెను. అర్జీకి గడువులోగా సకారణమైన జవాబు రావలెను. న్యాయాధికరణములో సిపాయి గెలిచిన కొద్దిపాటి మొత్తముల మీద ప్రభుత్వము పైకోర్టులకు పోవుట మానవలెను. ఇవి గొంతెమ్మ కోరికలా?

ఆ పెద్దమనిషితో మేము ఆనాడు వాదింపలేదు. చీకటి పడినది, దీపము లార్పువేళ యైనది. కాని వారి మాట వినిన వారిలో సైన్యమునుండి వచ్చిన వాడొకడు మూలను కూర్చుండి యుండి, ఏమియు అనక లేచిపోయినాడని తరువాత తెలిసినది. ఆయనను ఉద్దేశించియు, ఆయనవంటి వారిని ఉద్దేశించియు ఒక మాట. బోథ్‌లో గాని, ఇచ్చోడ, నేరడిగొండ ప్రాంతములలో గాని, రావలసిన బత్తెము రాక కాగితములు మూటగట్టి అటకమీద పెట్టుకొన్నవారు ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు గ్రంథాలయమునకు రావచ్చును. మేమును, మరి ఇద్దరు వకీళ్లును కూర్చుండి చదివి, పస యున్నచోట అర్జీ వ్రాసిపెట్టెదము. రుసుము లేదు. కొలువు పుస్తకము, విదేశమునకు పంపిన ఉత్తరువు, జీతపు చీటీలు వెంట తెచ్చుకొనవలెను. నకళ్లే మా చేతి కీయుడు. అసలు కాగితములు ఎవరడిగినను ఈయకుడు.