లాగ్ చెప్పేది ఒక్క జవాబే

పైథాన్‌లో మామూలు మ్యాథ్ మాడ్యూల్‌ను మైనస్ 1కి సంవర్గమానం అడిగితే ఎర్రర్ వస్తుంది. సంకీర్ణ సంఖ్యల కోసం ఉన్న సీమ్యాథ్‌ను అడిగితే 3.14159జె అని చెబుతుంది. (గణిత పుస్తకాల్లోని ‘ఐ’యే ఇంజినీర్ల చేతిలో ‘జె’ అయింది.) ఈ రెండో జవాబు చూసి సమస్య తీరిందనుకునే విద్యార్థులు ఉంటారు. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

సంకీర్ణ సంఖ్య సంవర్గమానంలో వాస్తవ భాగం దాని మాపం నుంచి వస్తుంది. అందులో పేచీ లేదు. కల్పిత భాగం మాత్రం ఆ సంఖ్య చేసే కోణం, అంటే ఇంటర్మీడియట్‌లో చదివే ఆయామం. కోణానికి పూర్తి చుట్లు ఎన్ని కలిపినా సంఖ్య మారదు కాబట్టి జవాబులు అనంతం. రుణసంఖ్యల సంవర్గమానం మీద లైబ్నిజ్, యోహాన్ బెర్నూలీ ఉత్తరాల్లో వాదించుకున్నారు. ఆ చిక్కును తర్వాత ఆయిలర్ విప్పాడు.

కంప్యూటర్ మాత్రం మైనస్ పై నుంచి పై వరకు ఉన్న ఒక్క విలువనే ఇస్తుంది. అది కేవలం ఒక ఒప్పందం. అందుకే మైనస్ 1 సంవర్గమానానికి మళ్లీ దాన్నే కలిపితే 6.28జె వస్తుంది, మైనస్ 1ని మైనస్ 1తో గుణించి, ఆ లబ్ధానికి సంవర్గమానం తీస్తే సున్నా! బడిలో నేర్చిన సూత్రం ఇక్కడ చెల్లదు. కల్పిత భాగంలోని సున్నాకు మైనస్ గుర్తుంటే జవాబు ఏకంగా మైనస్ 3.14జెకి దూకుతుంది. సున్నా గుర్తుకున్న ఈ ప్రాధాన్యంపై విలియం కహాన్ 1987లో ఒక పరిశోధన పత్రమే ప్రచురించారు.

ఇది పరీక్ష హాలుతో పోయే విషయం కాదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం సుమారు 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతోనూ నేలను చూస్తుంది. వేర్వేరు రోజుల రాడార్ చిత్రాల మధ్య కోణం తేడాను బట్టి నేల కదలికను లెక్కిస్తారు. సంకేతం వెళ్లి తిరిగి రావాలి కాబట్టి, రాడార్ చూసే దిశలో నేల 12 సెంటీమీటర్లు జరిగితే కోణం ఒక చుట్టు పూర్తిచేసి మొదటికొస్తుంది. ఆ ఒక్క బిందువునే చూస్తే నేల కదలనట్టే ఉంటుంది. పక్క బిందువులతో పోల్చి, పోయిన చుట్లను తిరిగి కలపడం మనుషులు విడిగా రాయాల్సిన ప్రోగ్రాం. లాగ్ ఫంక్షన్ ఆ పని చేయదు.

మ్యాట్‌ల్యాబ్ మైనస్ 1 ఇవ్వగానే చప్పుడు చేయకుండా సంకీర్ణ సంఖ్య ఇచ్చేస్తుంది. నేర్చుకునేవారికి పైథాన్ ఎర్రరే మేలు. కనీసం ఆగి ఆలోచించమంటుంది. కళాశాల ల్యాబుల్లో లాగ్ వాడకం నేర్పే రోజునే 6.28జె, సున్నా రెండింటినీ పక్కపక్కన ప్రింట్ చేయించి, తేడా ఎందుకో రికార్డులో రాయించాలి. దానికి పట్టేది పది నిమిషాలు.