సంతకం తర్వాత

బడి వయసు దాటినవాళ్లు ఊరు వదలకుండా చదువుకునే చోటుకు తెలుగు పల్లెల్లో ఎన్నో పేర్లు వచ్చాయి. రాత్రి బడి, జన శిక్షణ నిలయం, నిరంతర విద్యా కేంద్రం, వయోజన విద్యా కేంద్రం. పేరేదైనా సరంజామా ఒక్కటే. పంచాయతీ ఆఫీసులోనో బడి వరండాలోనో కాస్త జాగా, ఒక బీరువాలో పుస్తకాలు, దినపత్రిక, చాపలు, నల్లబల్ల, ఊళ్లోనే కాపురముండి వీటిని నడిపే మనిషి, అంటే ప్రేరక్. నాట్ల రోజుల్లో అక్కడ మనిషి కనబడేవాడు కాదు, కోతలయ్యాక చాపలు చాలేవి కావు. హాజరు పట్టీకి మాత్రం ఈ తేడా తెలిసేది కాదు.

ఈ ఆలోచన ప్రభుత్వ పథకాలతో పుట్టింది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పటి నుంచీ పల్లె గ్రంథాలయం చదవగలిగినవాళ్ల సొత్తుగా మాత్రమే ఉండలేదు. అక్షరం రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడం, రాత్రి బడి నడపడం కూడా అందులో భాగమే. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకాల పెట్టె సరుకుల పడవలా రేవు రేవుకూ వెళ్లేది. చందాలతో, దాతల చలవతో సాగిన పని అది. అందుకే ఊళ్లు దాన్ని తమదనుకున్నాయి.

1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయ్యాయి. పలక పట్టించడం ఎంతవరకు పోగలదో చూపింది నెల్లూరు జిల్లా. 1990 దశకం మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట వాచకం ముందు కూర్చునేవారు. అందులో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. సీతమ్మ అనే పల్లెటూరి మనిషి తోటివాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించడం దాని సారాంశం. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్లు ఆ పాఠాన్ని కథగా చదివి వదిలేయలేదు. మగవాళ్ల కూలి డబ్బు ఏ సందులోకి పోతోందో వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. సొంత ఊళ్లో దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ కబురు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు జరగనివ్వని పరిస్థితి వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది ఎక్కువ కాలం నిలవలేదు కానీ, అదే జిల్లాలో రోజుకు రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు నిలిచాయి. అక్షరాలు ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ అసలు లెక్క కాదు. రోజూ సాయంత్రం ఆడవాళ్లంతా ఒకచోట చేరి, ఇంటి సంగతిని ఊరి సంగతిగా మాట్లాడుకునే వీలు దొరికింది. వాచకం అందుకు సాకు.

ఉద్యమం చల్లబడ్డాక నేర్చింది మరిచిపోకుండా చూడటానికే నిరంతర విద్యా కేంద్రాలు. నిబంధన ప్రకారం రెండు, రెండున్నర వేల జనాభాకు ఒకటి. గ్రంథాలయం, చర్చా వేదిక, వృత్తి శిక్షణ, ఆటపాటలు అన్నీ ప్రేరక్ నెత్తిన పెట్టారు. గౌరవ వేతనం మాత్రం వందల్లోనే. 2009 సెప్టెంబర్ 8న సాక్షర భారత్ వచ్చి పంచాయతీకి ఒక కేంద్రం, ఇద్దరు సమన్వయకర్తలు అంది. వారిలో ఒకరు మహిళ. నెలకు 2,000 రూపాయలు. 2018 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. దానితోపాటే సమన్వయకర్తల పని పోయింది, బీరువాలకు తాళాలు పడ్డాయి. 2022లో మొదలై ఉల్లాస్ అన్న పేరుతో నడుస్తున్న ఇప్పటి కార్యక్రమం స్వచ్ఛంద సేవకుల మీదా, మొబైల్ యాప్ మీదా ఆధారపడింది. దానికి కేంద్రం బడే. నేర్పడానికి ఊళ్లో చదువుకున్న పిల్లలు దొరకవచ్చు, నేర్చినవాళ్లు ఏడాది పొడుగునా వచ్చి కూర్చునే చోటు ఏదన్న ప్రశ్న అలాగే ఉంది.

ఈ లోటు డ్వాక్రా సంఘం సమావేశంలో తేలిగ్గా బయటపడుతుంది. తీర్మానాల పుస్తకం రాసేది ఒక్కరే, తక్కినవాళ్లు వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోతారు. సంతకం వచ్చింది, పైన రాసిన తీర్మానం చదవడం రాలేదు. అప్పు వాయిదా, వడ్డీ, పాసుపుస్తకంలో జమ, ఉపాధి హామీ పని దినాలు, పురుగుమందు డబ్బా మీది సూచనలు, ఫోన్లో వచ్చే ఓటీపీ మెసేజ్, పల్లె మనిషికి రోజూ ఎదురయ్యే చదువు ఇదే. ఆరు నెలల వాచకం దీనికి చాలదు. అవసరం పడ్డప్పుడు వెళ్లి అడిగే మనిషి, తెరిచి ఉండే గది కావాలి. నేర్చుకోవడానికి వేరే దారి వెతుక్కున్నవాళ్లూ ఉన్నారు. మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మహిళలు 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించీ పంటల గురించీ తమ మాటలోనే చెప్పుకుంటున్నారు. చదువు పుస్తకంతోనే రావాలన్న పట్టింపు వాళ్లకు లేదు.

ఖర్చు మాటకొస్తే ఊరికి ఒక దారి ముందే ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిన స్థానిక సంస్థలు చాలాచోట్ల బకాయి పడుతున్నాయి. పథకాలకు గడువు ఉంటుంది, ఈ పన్నుకు లేదు. ఆ సొమ్ము సకాలంలో జమై, శాఖా గ్రంథాలయం సాయంత్రాలు తెరిచి, వయోజనులకు నేర్పే మనిషికి జీతం అందులోంచే ఇవ్వగలిగితే కేంద్రం కోసం కొత్త పేరు, కొత్త బోర్డు అక్కర్లేదు.